గోడ బంతిని తిరిగి ఏల ఇచ్చును?

విజయనగరములోనో శ్రీకాకుళములోనో పదునొకండ్రు బాలురు ఒక్కచోట కూడని సాయంకాలమున, ఫుట్‌బాల్ నేర్వగోరు పిల్లవానికి ఒక పెరటిగోడయే చెలికాడు. వాడు పాదపు లోపలిప్రక్కతో బంతిని గోడకు లంబముగా కొట్టినచో అది నేరుగా వానికడకే వచ్చును. ఏటవాలుగా కొట్టినచో, అద్దముపై పడిన వెలుగువలె, ఇంచుమించు అంతే కోణమున ఆవలికి పోవును. బొటనవ్రేలితో ఏల తన్నరాదు? 410 నుండి 450 గ్రాములు తూగు ఆ గుండ్రని బంతికి వెడల్పైన పాదపార్శ్వము తగిలిననే దిశ నిలుచును గనుక.

కుడికాలితో ఇరువదిమారులు కొట్టినవాడు ఎడమకాలితో ముప్పదిమారులు కొట్టవలెనని నా దృఢాభిప్రాయము. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన భారత జట్టునకు శిక్షకుడైన హైదరాబాదు నివాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్, బలహీనపాదముతోనే ఆడవలసిన పోటీలను సైతము ఏర్పరచి, ఒక కాలిపైనే ఆధారపడు లోపమును దిద్దబూనెను.

ఇక తోడుగా ఒక తమ్ముడో చెల్లెలో దొరకెనా, గోడకు కాళ్లు వచ్చినట్లే: బంతినిచ్చి ముందుకు పరుగిడుము, పరుగులోనే తిరిగి అందుకొనుము. నీటికి దూరముగా, నాగావళి నది ఇసుకతిన్నెలపై అట్లు ఆడిచూడుము. అడుగుక్రింద ఇసుక జారి నీ బలములో కొంత మ్రింగివేయును గనుక, కొద్దిసేపటికే పిక్కలు బరువెక్కును.