ఎనిమిది రూపాయల భోజనం

అంగన్‌వాడీలో ఒక బిడ్డ తిండికి ప్రభుత్వం కట్టిన లెక్క రోజుకు 8 రూపాయలు. 2017లో కేంద్రం 6 నుంచి 8కి పెంచింది. ఆ తర్వాత పప్పు, నూనె ధరలు ఎంత పెరిగినా ఏళ్ల తరబడి ఆ అంకె కదల్లేదు. అందులో కేంద్రం వాటా 4 రూపాయలు. మన రెండు రాష్ట్రాలూ సొంత డబ్బు కలుపుతున్నాయి కాబట్టే పళ్లెంలో గుడ్డు కనిపిస్తోంది.

తెలంగాణలో అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మూడేళ్లు దాటి అంగన్‌వాడీకి వచ్చే పిల్లల గురించి నాకు దిగులు తక్కువ. ఆయమ్మ గుడ్డు ఒలిచి చేతికిచ్చి, తినేదాకా పక్కనే కూర్చుంటుంది. నా బెంగంతా అంతకన్నా చిన్నవాళ్ల గురించే. మెదడు వేగంగా ఎదిగే వయసది. వాళ్లకు బాలామృతం ఇంటికి పంపుతాం. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర కలిపిన పిండి, నెలకు రెండున్నర కిలోల పాకెట్. మంచి తిండే. కానీ ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలుంటే?

"పెద్దది నోరు తెరుచుకుని చూస్తుంటే చిన్నదానికే ఎట్ల పెట్టాలె టీచరమ్మా?" అనేవాళ్లు తల్లులు. నెల సగం కాకుండానే పాకెట్ ఖాళీ. తూకం వేస్తే బరువు పెరిగి ఉండేది కాదు. ఆ తల్లిని ఏమనగలం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. తీవ్రంగా బక్కచిక్కిన బిడ్డకు రేటు 12 రూపాయలు. అంటే మామూలు బిడ్డకన్నా 4 రూపాయలు ఎక్కువ! అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

డబ్బు లేదనకండి. 2025-26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్ల పైచిలుకు. అంగన్‌వాడీలకూ పోషణకూ కలిపి ఇచ్చింది 21,960 కోట్లు. వంద రూపాయల్లో అర్ధ రూపాయి కూడా కాదు. మా గౌరవ వేతనంలో కేంద్రం వాటా కూడా అందులోంచే.

ధరలతోపాటు ఈ రేటూ పెరగాలి. మూడేళ్లలోపు పిల్లల ఇళ్లకు వెళ్లి చూసుకోవడానికి ప్రతి అంగన్‌వాడీలో ఇంకో మనిషి ఉండాలి. బడి, వంట లెక్కలు, ఫోన్‌లో వివరాల నమోదు అన్నీ చూసుకునే టీచర్‌కు ఆ తీరిక ఎక్కడిది?

ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి బిడ్డకూ ఈ తిండి 2013 ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు. ఓట్లడగడానికి వచ్చినవాళ్లను రోడ్ల గురించి అడిగినట్టే దీని గురించీ అడగండి.