డేటా కుదింపులో హార్డ్‌వేర్ త్వరకాలు

డేటా కుదింపు త్వరకం అనగా దత్తాంశాన్ని (డేటాను) కుదించే పనిని, కుదించినదాన్ని తిరిగి విప్పే పనిని ప్రధాన ప్రాసెసరుకు వదలకుండా, ఆ ఒక్క పని కోసమే నిర్మించిన ప్రత్యేక విద్యుత్ వలయం చేత చేయించే సాధనం. త్వరకం అంటే వేగాన్ని పెంచేది. దీనినే యాక్సిలరేటర్ అని కూడా అంటారు. ఇది టేపు డ్రైవులో ఒక చిన్న చిప్పుగా ఉండవచ్చు, సర్వరులో గుచ్చే కార్డుగా ఉండవచ్చు, లేదా ప్రాసెసరు చిప్పులోనే ఒక మూలన ఉండవచ్చు. ఈ వ్యాసం నష్టరహిత కుదింపుకే పరిమితం. అంటే విప్పినప్పుడు ఒక్క బిట్టు కూడా తేడా లేకుండా అసలు డేటా తిరిగి రావాలి. ఛాయాచిత్రాలు, వీడియోల కుదింపులో కంటికి ఆనని వివరాలను వదిలివేయవచ్చు గాని, బ్యాంకు ఖాతాల విషయంలో అలా కుదరదు.

కుదింపు వలన డిస్కులో చోటు, నెట్‌వర్కు మీద భారం తగ్గుతాయని అందరికీ తెలిసిందే. దానికి చెల్లించే మూల్యం ప్రాసెసరు సమయం. గూగుల్ సంస్థ తన డేటా కేంద్రాలను పరిశీలించి 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్కడి ప్రాసెసర్ల మొత్తం పనిలో 2.9 శాతం కుదించడానికి, విప్పడానికే ఖర్చవుతున్నది. కొన్ని ముఖ్యమైన సేవలలో ఇది 10 నుండి 50 శాతం దాకా ఉన్నది. అదే అధ్యయనంలో ఇంకొక సంగతి ఇంతకంటే ఆసక్తికరమైనది: కుదించే బైట్లలో 95 శాతాన్ని తక్కువ శ్రమతో తక్కువగా కుదించే తేలిక పద్ధతులతోనే సరిపెడుతున్నారు. అంటే, ఇంకా బాగా కుదించే పద్ధతులు తెలిసి ఉండి కూడా, ప్రాసెసరు సమయానికి వెరచి వాడటం లేదు. త్వరకాల అవసరం ఇక్కడే మొదలవుతుంది.

కుదింపులో శ్రమ ఎక్కడ ఉన్నది

నేడు వాడుకలో ఉన్న నష్టరహిత పద్ధతులలో అధిక భాగం అబ్రహం లెంపెల్, జాకబ్ జివ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1977లో ప్రచురించిన ఎల్‌జెడ్77 పద్ధతికి సంతతి. జిప్, జీజిప్ దస్త్రాలలోను, పీఎన్‌జీ బొమ్మలలోను కనిపించే డిఫ్లేట్ పద్ధతి దీనికి డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రకటించిన సంకేత పద్ధతిని జోడించినది. దీనిని ఫిల్ కాట్జ్ రూపొందించగా, 1996లో దీని నిర్దేశాన్ని ప్రచురించారు.

మొదటి మెట్టు సూత్రం తేలిక. ఒకసారి వచ్చిన ముక్క మళ్ళీ వస్తే, దానిని మళ్ళీ రాయకుండా "ఇన్ని బైట్లు వెనక్కి వెళ్ళి, ఇన్ని బైట్లు నకలు తీసుకో" అని రాస్తే చాలు. ఉదాహరణకు "గుంటూరు మిర్చి, గుంటూరు పొగాకు" అన్న పదాలను తీసుకుందాం. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు ఆక్రమిస్తుంది. గుణింతపు గుర్తులు, సున్న విడి సంకేతాలే కనుక "గుంటూరు" అన్న మాటకు 7 సంకేతాలు, 21 బైట్లు కావాలి. రెండవ "గుంటూరు" మొదటిదానికి సరిగ్గా 42 బైట్ల దూరంలో ఉన్నది. కుదింపు కార్యక్రమం అక్కడ "42 వెనక్కి, 24 నకలు" అని రాస్తుంది. మాట 21 బైట్లయితే నకలు 24 ఎలా అయినది? మాట తరువాతి ఖాళీకి ఒక బైటు. ఆపైన "మ", "ప" అక్షరాలు వేరైనా, వాటి మూడు బైట్లలో మొదటి రెండూ ఒకటే. తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు 224, రెండవది 176 గాని 177 గాని అవుతుంది. యంత్రానికి అక్షరం తెలియదు, బైటు మాత్రమే తెలుసు. అందుకే అది అక్షరాన్ని నడిమికి విరిచి మరీ పొదుపు చేస్తుంది.

రెండవ మెట్టులో, తరచుగా వచ్చే చిహ్నాలకు పొట్టి సంకేతాలు, అరుదుగా వచ్చేవాటికి పొడుగు సంకేతాలు కేటాయిస్తారు. ఇది హఫ్‌మన్ పద్ధతి.

శ్రమ అంతా మొదటి మెట్టులోని వెతుకులాటలో ఉన్నది. డిఫ్లేట్‌లో గతంలోకి చూసే కిటికీ 32,768 బైట్లు. ప్రస్తుత స్థానంలో ఉన్న ముక్క ఆ కిటికీలో ఎక్కడెక్కడ వచ్చిందో, వాటిలో ఎక్కడ అన్నిటికంటే పొడుగ్గా సరిపోతుందో చూడాలి. జెడ్‌లిబ్ అనే ప్రసిద్ధ కార్యక్రమం ఇందుకోసం వరుసగా మూడేసి బైట్లను బట్టి పాత స్థానాలను గొలుసుగా కట్టి ఉంచుకుంటుంది. 1వ స్థాయిలో ఆ గొలుసులో 4 స్థానాలను, మామూలుగా వాడే 6వ స్థాయిలో 128 స్థానాలను, 9వ స్థాయిలో 4,096 స్థానాలను గరిష్ఠంగా పరిశీలిస్తుంది. తెలుగు పాఠానికి ఈ గొలుసులు పొడుగ్గా తయారవుతాయి. ఎందుకంటే 32,768 బైట్ల కిటికీలో సుమారు 10,900 తెలుగు సంకేతాలు పడతాయి. యూనికోడ్‌లో తెలుగుకు ఉన్నవి 128 స్థానాలు మాత్రమే. "ర" వంటి అక్షరం ఆ కిటికీలో వందలసార్లు ఎదురవుతుంది. ప్రతి చోటా ఆగి, సరిపోల్చి, ముందుకు పోవాలి.

హార్డ్‌వేర్ ఈ పనిని ఎలా చేస్తుంది

సాధారణ ప్రాసెసరు గొలుసులోని స్థానాలను ఒకదాని తరువాత ఒకటి చూస్తుంది. ప్రత్యేక వలయానికి ఆ నిర్బంధం లేదు. తొలినాటి కుదింపు చిప్పులు విషయాధారిత జ్ఞాపకం అనే అమరికను వాడాయి. మామూలు జ్ఞాపకానికి చిరునామా ఇస్తే అక్కడున్న విషయం చెబుతుంది. దీనికి విషయం ఇస్తే అది ఉన్న చిరునామాలు చెబుతుంది. తరగతిలో ప్రతి బల్ల దగ్గరకూ వెళ్ళి "నీ పేరేమిటి?" అని అడగడానికి, "సీత అనే పేరున్నవాళ్ళు చేతులెత్తండి" అనడానికి ఉన్న తేడా ఇది. రెండవ పద్ధతిలో తరగతి ఎంత పెద్దదైనా పట్టే సమయం ఒకటే.

ఇందులోని చిక్కు ఏమిటంటే, ప్రతి గడికీ ఒక పోలిక వలయం కావాలి, ప్రతి అడుగులో అవన్నీ విద్యుత్తు తాగుతాయి. అందువలన ఇటువంటి చిప్పులలో కిటికీ చిన్నదిగా ఉండేది. ఐబీఎం రూపొందించిన ఏఎల్‌డీసీ పద్ధతిలో కిటికీ 512, 1,024 లేదా 2,048 బైట్లు మాత్రమే. పెద్ద కిటికీ కావలసినప్పుడు హాష్ పట్టికలను అనేక గదులుగా విడగొట్టి, ఒకే క్లాక్ సైకిల్‌లో అనేక బైట్ల స్థానాలకు ఒకేసారి వెతికే పద్ధతి వాడతారు. ఇక్కడ ప్రతి స్థానానికి కొద్దిమంది అభ్యర్థులనే చూడగలరు. కాబట్టి హార్డ్‌వేర్ కుదించిన దస్త్రం, జెడ్‌లిబ్ ఓపికగా కుదించినదానికంటే సాధారణంగా కొంచెం పెద్దదిగా ఉంటుంది. వేగం ఉచితంగా రాలేదన్నమాట.

హఫ్‌మన్ మెట్టు కూడా హార్డ్‌వేర్‌ను ఇబ్బంది పెడుతుంది. ఏ చిహ్నం ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తెలియాలంటే ఖండం మొత్తం పూర్తయ్యే దాకా ఆగాలి, అంతవరకు దానిని ఎక్కడో దాచాలి. కొన్ని త్వరకాలు ముందే తయారుచేసిన పట్టికతో సరిపెడతాయి. మరికొన్ని డేటా మొదటి భాగాన్ని మచ్చు చూసి పట్టిక తయారు చేస్తాయి.

విప్పేటప్పుడు ఇబ్బంది వేరు. సంకేతాల పొడవు సమానం కాదు గనుక, ఒక సంకేతాన్ని చదవడం పూర్తయితే గాని తరువాతిది ఎక్కడ మొదలవుతుందో తెలియదు. వెయ్యి వలయాలు చేతిలో ఉన్నా ఒకే ఖండాన్ని పంచుకొని విప్పడం అంత సులభం కాదు. డేటాను ముందే విడివిడి ఖండాలుగా కుదించి ఉంటేనే పని పంచుకోవడం వీలవుతుంది.

టేపు నుండి ప్రాసెసరు లోపలికి

కుదింపు చిప్పులు మొదట స్థిరపడిన చోటు టేపు డ్రైవు. టేపు నిలకడగా ఒకే వేగంతో తిరగాలి, డేటా ఆ వేగానికి అందాలి. ఆనాటి ప్రాసెసర్లకు అది భారమయ్యేది. పర్సనల్ కంప్యూటర్లలో ఈ రంగంలో పేరుపడినది 1983లో స్థాపించబడిన స్టాక్ ఎలక్ట్రానిక్స్. ఆ సంస్థ 1990లో విడుదల చేసిన స్టాకర్ అనే సాఫ్ట్‌వేరు హార్డు డిస్కులోని డేటాను కుదించేది. కావలసినవారు వేగం కోసం ఒక కార్డును కూడా కొనుక్కునేవారు. ప్రాసెసర్లు వేగం పుంజుకున్నకొద్దీ ఆ కార్డు అవసరం తీరిపోయింది. మైక్రోసాఫ్ట్ 1993లో ఎంఎస్-డాస్ 6.0లో కుదింపును చేర్చినప్పుడు స్టాక్ సంస్థ పేటెంటు దావా వేసింది. 1994లో జ్యూరీ 12 కోట్ల డాలర్ల పరిహారం విధించింది.

తరువాతి కాలంలో నెట్‌వర్కులు, ఘనస్థితి డిస్కులు (ఎస్‌ఎస్‌డీలు) ప్రాసెసరు కంటే త్వరగా వేగం పెంచుకోవడంతో కార్డులు తిరిగి వచ్చాయి. ఐబీఎం తన మెయిన్‌ఫ్రేములకు 2013లో జెడ్‌ఈడీసీ ఎక్స్‌ప్రెస్ అనే కార్డును తెచ్చింది. అయితే కార్డుకు ఒక లోపం ఉన్నది. డేటా ముందు ప్రధాన జ్ఞాపకం నుండి కార్డుకు వెళ్ళాలి, కుదించిన ఫలితం తిరిగి రావాలి, పని ముగిసిందని ప్రాసెసరుకు కబురు అందాలి. మెగాబైట్ల కొద్దీ డేటా ఉంటే ఈ రాకపోకల ఖర్చు కనిపించదు. నాలుగు కిలోబైట్ల పుటను కుదించడానికైతే, దారి ఖర్చులే పని ఖర్చును మించిపోవచ్చు. పిడికెడు వడ్లు దంపించడానికి పక్క ఊరి మిల్లుకు బండి కట్టుకుని వెళ్ళడం వంటిదే ఇది.

దీనికి పరిష్కారంగా త్వరకం ప్రాసెసరు చిప్పులోకే ప్రవేశించింది. ఐబీఎం పవర్9, 2019లో వచ్చిన జెడ్15 ప్రాసెసర్లలో డిఫ్లేట్ త్వరకం చిప్పులోనే ఉన్నది. జెడ్15లో కుదింపు ఒక యంత్ర ఆదేశంగా లభిస్తుంది. ఈ రెండిటి గురించి ఐబీఎం ఇంజనీర్లు 2020లో ప్రచురించిన పత్రం ప్రకారం పవర్9 త్వరకం చిప్పు వైశాల్యంలో అర శాతం కంటే తక్కువ స్థలం తీసుకొని, ఒక కోర్ మీద నడిచే జెడ్‌లిబ్ కంటే 388 రెట్లు వేగంగా కుదిస్తుంది. ఇటువంటి అంకెలను జాగ్రత్తగా చదవాలి. చిప్పులోని కోర్లన్నిటినీ అదే పనికి పెట్టి పోల్చితే ఆధిక్యం 13 రెట్లు అని అదే పత్రం చెబుతున్నది. కొనేవారికి పనికివచ్చే అంకె రెండవదే. అర శాతం స్థలంలో 13 రెట్లు కూడా తక్కువేమీ కాదు. ఇంటెల్ సంస్థ కూడా అంతకుముందు విడిగా ఉన్న క్విక్‌అసిస్ట్ త్వరకాన్ని 2023 జనవరిలో విడుదలైన నాల్గవ తరం జియాన్ ప్రాసెసర్లలో చిప్పు ప్యాకేజీలోనే అమర్చింది.

విప్పడం ఒక్కటే పనిగా గల త్వరకాలు ఆటల యంత్రాలలో కనిపిస్తాయి. ఆటను తయారుచేసేటప్పుడు ఒక్కసారి కుదిస్తారు, ఆడేవారి ఇంట్లో లెక్కలేనన్నిసార్లు విప్పుతారు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో ఎస్‌ఎస్‌డీ సెకనుకు 5.5 గిగాబైట్లు చదువుతుంది; క్రాకెన్ అనే పద్ధతిలో కుదించిన డేటాను విప్పే వలయం తోడవడంతో అది సాధారణంగా 8 నుండి 9 గిగాబైట్లకు సమానమవుతుంది. ఈ పనిని సాఫ్ట్‌వేరుతో చేస్తే తొమ్మిది జెన్ 2 కోర్లు కావాలని దాని రూపశిల్పి మార్క్ సెర్నీ 2020లో వివరించాడు. ఆ యంత్రంలో ఉన్నవే ఎనిమిది కోర్లు!

చిక్కులు

టేపు కొనేవారు అట్ట మీద రెండు అంకెలు చూస్తారు. ఉదాహరణకు 2000లో వచ్చిన ఎల్‌టీఓ-1 టేపు మీద 100 గిగాబైట్లు, 200 గిగాబైట్లు అని ఉంటుంది. రెండవది డేటా సగానికి కుదురుతుందన్న ఊహతో వేసిన లెక్క. ఎల్‌టీఓ-6 నుండి కుదింపు కిటికీని పెంచి, ఆ ఊహను రెండున్నర రెట్లకు మార్చారు. ఈ ఊహ అన్ని రకాల డేటాకు నిజం కాదు. వీడియోలు, జేపెగ్ బొమ్మలు, జిప్ దస్త్రాలు అప్పటికే కుదిరి ఉంటాయి. డేటాను ముందుగా గుప్తీకరించి టేపుకు పంపితే కుదింపు దాదాపు సున్నా అవుతుంది, ఎందుకంటే గుప్తీకరణ పునరావృతాలను కనబడకుండా చేస్తుంది. కావున ముందు కుదింపు, తరువాత గుప్తీకరణ అన్నది నియమం. అన్ని నకళ్ళకూ రెండవ అంకెను నమ్మి టేపులు కొన్న కార్యాలయానికి సరిగ్గా నకలు తీసే రాత్రి టేపు చాలకపోవచ్చు.

సిలికాన్‌లో చెక్కిన పద్ధతిని మార్చలేకపోవడం మరొక చిక్కు. 2016లో ఫేస్‌బుక్ విడుదల చేసిన జెడ్‌స్టాండర్డ్ త్వరగా వ్యాపించింది గాని, డిఫ్లేట్ ఒక్కటే తెలిసిన త్వరకానికి అది అర్థం కాదు. ఎఫ్‌పీజీఏ చిప్పులలో వలయాన్ని తిరిగి రచించుకునే వీలుంది. వేగంలోను, విద్యుత్ ఖర్చులోను అవి కొంత వెనుకబడతాయి.

ప్రోగ్రాము రాసేవారు మొదట గమనించని సమస్య ఇంకొకటి. డిఫ్లేట్ ప్రమాణం విప్పే విధానాన్ని మాత్రమే కచ్చితంగా నిర్దేశిస్తుంది. కుదించేవారు ఏ నకలును ఎన్నుకోవాలో చెప్పదు. అందువలన ఒకే దస్త్రాన్ని త్వరకం, సాఫ్ట్‌వేరు వేర్వేరు బైట్లుగా కుదించవచ్చు. రెండూ విప్పితే ఒకటే, రెండూ సరైనవే. కాని కుదించిన దస్త్రాలను నేరుగా పోల్చే పరీక్షలు విఫలమవుతాయి. ఒకే మూలం నుండి ఎక్కడ తయారుచేసినా ఒకే దస్త్రం రావాలని పట్టుబట్టే సాఫ్ట్‌వేరు పంపిణీదారులకు ఇది తలనొప్పి. పోలిక చూడవలసినప్పుడు విప్పిన డేటానే పోల్చాలి. అలా కుదరని చోట, జెడ్15 యంత్రాల మీద డీఎఫ్‌ఎల్‌టీసీసీ అనే పర్యావరణ చలరాశిని 0 చేసి త్వరకాన్ని ఆపివేసి, పాత పద్ధతిలో ప్రాసెసరు చేతనే కుదింపజేస్తారు.