పాత బుల్లెట్టు ఇంజనుకు స్నానము

సత్తు గిన్నెను చాకలి సోడా కలిపిన వేడినీటిలో నానవేసినచో అది తెల్లబడుటకు మారుగా నల్లబడును. అదే గిన్నెలో చింతపండు పులుసు కాచిన నాడు లోపలి భాగము తళతళలాడును. వంటయింట ఈ సంగతి తెలియనివారు లేరు. కాని పాత మోటారు సైకిలును బాగుచేయ బూనినవారు పెక్కుమంది దీనిని మరచి, మరల దొరకని భాగములను పాడుచేసికొనుచున్నారు. సత్తు అనగా అల్యూమినియమే. ఇంజనులోని పోత భాగములలో చాలవరకు ఆ లోహముతో చేసినవే.

1955 లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడిన పిమ్మట మన రోడ్లకు పరిచితమైన 350 సి.సి. బుల్లెట్టునే తీసికొందము. ఆనాటి బండిలో సిలిండరు పోత ఇనుము. దాని నెత్తినున్న హెడ్డు, క్రిందనున్న క్రాంకుకేసు, ప్రక్కల మూతలు అల్యూమినియపు మిశ్రలోహములు. పోత ఇనుము ఘనపు సెంటీమీటరు 7 గ్రాములకు పైగా తూగగా, అల్యూమినియము 2.7 గ్రాములే తూగును. పైగా వేడిని సుమారు మూడు రెట్లు వేగముగా బయటికి పంపును. గాలికే చల్లబడవలసిన ఇంజనుకు ఇంతకన్న ఏమి కావలెను?

నిజమునకు అల్యూమినియము ఇనుముకన్న చురుకైన లోహము. అయినను ఇనుమువలె తుప్పుపట్టి రాలిపోదు. గాలి తగిలిన తక్షణమే దానిపై ఆక్సైడు పొర ఒకటి ఏర్పడును. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన, ఆ పొర మందము అందులో కొన్ని భాగములు మాత్రమే. ఇనుప తుప్పు పెచ్చులుగా ఊడును గాని, ఈ పొర లోహమును గట్టిగా అంటిపెట్టుకొని యుండును. గీచిన చోట వెంటనే మరల పుట్టును. అల్యూమినియమునకు కవచము ఇదియే.

బురద, చెమ్మ, ఉప్పుగాలి ఏండ్ల తరబడి నిలిచిన చోట ఈ కవచమునకు గండి పడును. అప్పుడు పైకి తెల్లని పొడి పొంగును. ఉక్కు బోల్టు దిగిన చోట చెమ్మ చేరినచో రెండు లోహములు కలిసి చిన్న బ్యాటరీవలె పనిచేయును. అందు కరగిపోవునది అల్యూమినియమే. ఆ తెల్లపొడి లోహముకన్న ఎక్కువ చోటు ఆక్రమించుటచే బోల్టు బిగుసుకొనిపోవును. దానిని బలముతో త్రిప్పబోయి విరుగగొట్టినవారు ఎందరో!

ఇక ముఖ్యవిషయము. ఇనుప భాగముల జిడ్డు వదలగొట్టుటకు కాస్టిక్ సోడా తొట్టి చక్కగా పనిచేయును. అదే తొట్టిలో అల్యూమినియపు క్రాంకుకేసును వేసినచో, జిడ్డుతోబాటు కేసును కూడ అది తినివేయును. అల్యూమినియము ఆక్సైడు ద్విస్వభావము గలది. ఆమ్లములోను కరగును, క్షారములోను కరగును. కవచము కరగిన తోడనే లోహము నీటితో చర్య జరిపి ఉదజని వాయువును వెడలించును. ఒక గ్రాము లోహము కరగినచో ఇంచుమించు ఒకటింబాతిక లీటరు ఉదజని వచ్చును. దగ్గర మంట యున్నచో ప్రమాదము. మిశ్రలోహములోని సిలికాను, రాగి మాత్రము త్వరగా కరగక నల్లని మసిగా పైన మిగులును. నునుపుగా కోసిన జాయింటు ముఖములు గుంటలు పడి, ఆయిలు కారును. ఉపాధ్యాయులు పరీక్షనాళికలో సజల కాస్టిక్ సోడా పోసి చిన్న అల్యూమినియపు రేకు ముక్క వేసి ఈ చర్యను చూపవచ్చును. కంటికి అద్దములు తప్పనిసరి, కిటికీలు తెరచి యుంచవలెను.

కావున మొదట కిరసనాయిలు, నైలాను బ్రష్షు. పిమ్మట గోరువెచ్చని నీరు, సాధారణమైన సబ్బు. మిగిలిన తెల్లపొడికి చింతపండు పులుసువంటి బలహీనమైన ఆమ్లము చాలును, వెంటనే మంచినీటితో కడుగవలెను. పిస్టను మీది బొగ్గును కిరసనాయిలులో నానబెట్టి కర్ర పుల్లతో గీకవలెను. ఉక్కు తీగల బ్రష్షు పనికిరాదు. దాని తునకలు మెత్తని లోహములో గ్రుచ్చుకొని, చెమ్మ తగిలినప్పుడు ఎఱ్ఱని మచ్చలగును. ఇసుక చిమ్మి శుభ్రపరచుట మరింత చెరుపు. ఆయిలు దారులలో చిక్కిన ఒక్క రేణువు తరువాత బేరింగును చేరును, ఆ ధూళి పనివాని ఊపిరితిత్తులను చేరును. నీటిలో సన్నని గాజు పూసలు కలిపి చిమ్ము పద్ధతి మేలు. అయినను రంధ్రములన్నింటిని ముందుగా మూయవలెను.

బేరింగును ఊడదీయుటకు సుత్తి కన్న వేడి నయము. 60 మిల్లీమీటర్ల రంధ్రమును 30 డిగ్రీలనుండి 100 సెంటీగ్రేడు డిగ్రీలకు వేడిచేసినచో అది మిల్లీమీటరులో నూరింట పది వంతులు పెరుగును. ఉక్కు బేరింగు అయిదు వంతులే పెరుగును. ఆ తేడా చాలును, బేరింగు చాలవరకు తనంతట జారిపడును. వేడిచేయుటకు ఓవెను మంచిది, కాని కిరసనాయిలు వాసనైన లేకుండ ముందు కడిగి ఆరబెట్టవలెను. గ్యాసు మంటను ఒకేచోట పెట్టరాదు. అల్యూమినియము ఇనుమువలె ఎఱ్ఱబడి హెచ్చరింపదు. శుద్ధలోహము 660 డిగ్రీలకు, పోత మిశ్రలోహము అంతకు ముందే, చూచుచుండగనే కూలిపోవును.

మెరుగు పెట్టుటలో కొందరికి అత్యుత్సాహము. అసలు బండిలో ప్రక్క మూతలకే గాని క్రాంకుకేసుకు అద్దపు మెరుగు లేదు. అచ్చునుండి వచ్చిన గరుకుదనమే దాని స్వరూపము. దానిని అరగదీయుటలో ఇంజను నంబరు కూడ చెరగినచో చిక్కు మరియొకటి కలదు. 50 ఏండ్లు దాటిన వాహనములను వింటేజి వాహనములుగా ప్రత్యేక శ్రేణిలో నమోదు చేయుటకు కేంద్ర ప్రభుత్వము 2021 లో నియమములు చేసినది. వాటి ప్రకారము ఇంజను మొదలగునవి గణనీయముగా మార్పు చెందక, అసలు రూపముననే ఉండవలెను. కనుక పని మొదలిడుటకు ముందే నంబరును ఫోటో తీసి, ఆ చోటును మెత్తని గుడ్డతో మాత్రమే తుడువవలెను.