చిగుళ్ళ వ్యాధి - శరీర ఆరోగ్యం

చిగుళ్ళ వ్యాధి అనగా పంటిని పట్టి ఉంచే భాగాలకు, అంటే చిగురుకు, పంటి వేరును ఎముకతో బంధించే సన్నని తంతువులకు, దవడ ఎముకకు, పాచిలోని సూక్ష్మజీవుల వలన కలిగే దీర్ఘకాలిక శోథ. తొలి దశను జింజివైటిస్ (చిగుళ్ళ వాపు) అని, ఎముక కూడా కరగడం మొదలైన దశను పెరియోడాంటైటిస్ అని అంటారు. వాడుకలో పయోరియా అన్న పాత పేరు ఇంకా వినబడుతుంది. ఈ వ్యాధి పళ్ళు ఊడిపోవడంతో ఆగిపోయేది కాదనీ, మధుమేహం, గుండె జబ్బులు మొదలైన వాటితో దీనికి సంబంధం ఉన్నదనీ గత నలభై ఏళ్ళ పరిశోధనలు తెలుపుతున్నవి. అయితే ఈ సంబంధాలన్నీ ఒకే బలం కలవి కావు. కొన్ని గట్టిగా నిరూపించబడినవి, కొన్ని అనుమానం దశలోనే ఉన్నవి, కొన్ని పరీక్షకు నిలువలేదు. వాటిని వేరు చేసి చూపుటయే ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రచురించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా తీవ్రమైన చిగుళ్ళ వ్యాధితో ఉన్నారు. ఇంత విస్తారంగా ఉండీ దీనిని జనం పట్టించుకోకపోవడానికి కారణం, ఇది చాలా కాలం వరకు నొప్పి పెట్టదు. పిప్పి పన్ను రాత్రి నిద్ర పోనివ్వదు కనుక రోగి మరునాడే వైద్యుని వద్దకు వెళతాడు. చిగురు మాత్రం ఏళ్ళ తరబడి నిశ్శబ్దంగా ఎముకను పోగొట్టుకుంటుంది.

వ్యాధి పుట్టుక

పంటి మీద, ముఖ్యంగా పన్ను చిగురు కలిసే చోట, నిత్యం ఏర్పడే జిగట పొరను పాచి అంటారు. ఇది కేవలం ఆహారపు మడ్డి కాదు. వందల జాతుల బాక్టీరియా ఒకదానినొకటి అంటిపెట్టుకొని కట్టుకున్న కాలనీ అని చెప్పవచ్చు. శుభ్రం చేయని పాచిలో లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి గట్టిపడితే అది గార అవుతుంది. పాచిని బ్రష్షుతో తీయవచ్చు కాని గారను తీయలేము. ఫ్లోరైడు నీటి వలన నల్లగొండ వంటి ప్రాంతాలలో పళ్ళపై కనబడే గోధుమరంగు మచ్చలను గార అని పొరబడేవారు ఉన్నారు. అవి పింగాణీలో కలిసిపోయిన మచ్చలు, చిగుళ్ళ వ్యాధితో వాటికి సంబంధం లేదు.

పాచియే ఈ వ్యాధికి మూలమని తేల్చిన ప్రయోగం చాలా సరళమైనది. 1965లో డెన్మార్కులో హెరాల్డ్ లో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆరోగ్యవంతమైన చిగుళ్ళు గల 12 మందిని పళ్ళు తోముకోవడం మానివేయమన్నారు. పది నుండి ఇరవై ఒక్క రోజులలో పన్నెండుగురికీ చిగుళ్ళు వాచినవి. మరల తోముకోవడం మొదలుపెట్టగానే కొద్ది రోజులలో తగ్గిపోయినవి. దీనిని బట్టి తొలి దశ పూర్తిగా నయమవుతుందని తెలిసినది.

అదే శాస్త్రవేత్త 1970లో శ్రీలంక తేయాకు తోటలలో పనిచేసే 480 మంది కార్మికులను పరిశీలించడం మొదలుపెట్టాడు. వారికి పళ్ళు తోముకొనే అలవాటు గాని దంత వైద్యం గాని లేవు. అందరి నోటిలోనూ పాచి, గార, వాపు ఉన్నవి. అయినా పదిహేనేళ్ళ పరిశీలన తరువాత సుమారు 8 శాతం మందికి వ్యాధి అతి వేగంగా ముదిరినది, 81 శాతం మందికి మధ్యస్థంగా సాగినది, 11 శాతం మందికి చిగుళ్ళ వాపును దాటి పోలేదు. పాచి అందరికీ ఒకటే అయినా నష్టం ఒకటి కాదన్నమాట. తేడా శరీరం స్పందించే తీరులో ఉన్నది. చిగుళ్ళ వ్యాధిని నోటికి మాత్రమే పరిమితం చేసి చూడకూడదన్న ఆలోచనకు ఇది ముఖ్యమైన ఆధారం.

ఆరోగ్యవంతమైన నోటిలో పంటికి, చిగురుకు మధ్య సందు లోతు 1 నుండి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. వ్యాధి ముదిరితే సందు 4 మిల్లీమీటర్లు దాటి సంచి వలె అవుతుంది. బ్రష్షు అక్కడికి చేరదు, గాలి ఆడదు. పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటి ప్రాణవాయువు అక్కరలేని బాక్టీరియాకు అది అనువైన స్థలం.

చిగురు నుండి రక్తంలోనికి

సంచి లోపలి గోడ పలుచబడి, పుండు పడి ఉంటుంది. నోటిలోని పళ్ళన్నిటి చుట్టూ ఉన్న ఇటువంటి గోడలను విప్పి పరిస్తే, వ్యాధి ఉన్నవారిలో ఆ వైశాల్యం సుమారు 8 నుండి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని 2001లో లెక్కగట్టారు. చేతిమీద ఇంత పుండు ఉంటే ఎవరూ ఊరుకోరు. నమిలినప్పుడు, తోముకొన్నప్పుడు ఆ పుండు ద్వారా బాక్టీరియా కొద్దిసేపు రక్తంలో చేరుతుంది. ఆరోగ్యవంతుడి శరీరం వాటిని వెంటనే తొలగిస్తుంది.

రెండవ మార్గం శోథ రసాయనాలది. చిగురులో పుట్టిన ఇంటర్‌ల్యూకిన్-6 మొదలైన పదార్థాలు రక్తంలో చేరి కాలేయాన్ని ప్రేరేపిస్తాయి. కాలేయం సి-రియాక్టివ్ ప్రోటీను అనే పదార్థాన్ని ఎక్కువగా విడుదల చేస్తుంది. తీవ్రమైన చిగుళ్ళ వ్యాధి ఉన్నవారి రక్తంలో ఇది ఎక్కువగా ఉంటుందని, చికిత్స తరువాత కొంత తగ్గుతుందని పలు పరిశీలనలు చూపినవి.

మధుమేహంతో సంబంధం

అన్నిటికన్నా గట్టిగా నిరూపించబడిన సంబంధం ఇది, పైగా రెండు వైపులా పనిచేసేది. రక్తంలో చక్కెర అదుపు తప్పితే తెల్లకణాల పని మందగిస్తుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది, చిగురులో శోథ పెచ్చుపెరుగుతుంది. కాబట్టి మధుమేహం అదుపులో లేనివారికి చిగుళ్ళ వ్యాధి వచ్చే అవకాశం, వచ్చినది త్వరగా ముదిరే అవకాశం రెండూ ఎక్కువ. హెరాల్డ్ లో 1993లో దీనిని మధుమేహపు ఆరవ ఉపద్రవంగా పేర్కొన్నాడు. కన్ను, మూత్రపిండం, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుండ్లు అన్నవి మొదటి అయిదు. ఉలటా మార్గంలో, చిగురులోని శోథ ఇన్సులిన్ పనిని అడ్డగించి చక్కెరను పెంచుతుంది.

అట్లయితే చిగుళ్ళకు వైద్యం చేస్తే చక్కెర తగ్గాలి కదా అన్న ప్రశ్న సహజం. దీనికి జవాబు సూటిగా రాలేదు. 2013లో అమెరికాలో 514 మందిపై జరిగిన పరీక్షలో ఆరు నెలల తరువాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెరను తెలిపే పరీక్ష) తగ్గలేదు. చేసిన వైద్యం వలన చిగుళ్ళే సరిగా బాగుపడలేదని దానిపై విమర్శలు వచ్చినవి. 2018లో లండనులో 264 మందిపై మరింత సమగ్రమైన చికిత్సతో జరిగిన పరీక్షలో ఏడాది తరువాత రెండు బృందాల మధ్య 0.6 శాతం తేడా కనబడినది. ఇటువంటి పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష (2022) మూడు నాలుగు నెలలకు సగటున 0.43 శాతం, ఏడాదికి 0.50 శాతం తగ్గుదల ఉంటుందని తేల్చినది. అంకె చిన్నదిగా కనబడవచ్చు గాని అది మందులకు అదనంగా వచ్చే లాభం. అయితే చిగుళ్ళ వైద్యం మధుమేహపు మందులకు ప్రత్యామ్నాయం ఎంతమాత్రం కాదు.

2018 నుండి అమలులో ఉన్న అంతర్జాతీయ వర్గీకరణలో ఈ సంబంధానికి అధికారిక స్థానం లభించినది. ఎముక నష్టాన్ని బట్టి నాలుగు దశలు, ముదిరే వేగాన్ని బట్టి ఎ, బి, సి అను మూడు శ్రేణులు ఏర్పరచినారు. హెచ్‌బీఏ1సీ 7 శాతం గాని అంతకు మించి గాని ఉన్న రోగిని, రోజుకు పది లేక అంతకు మించి సిగరెట్లు కాల్చే రోగిని వేగవంతమైన సి శ్రేణిలో చేర్చాలి.

గుండె జబ్బులు

1989లో ఫిన్లాండులో గుండెపోటు వచ్చినవారి నోరు, రానివారి నోరు పోల్చి చూసినప్పుడు మొదటివారి దంత ఆరోగ్యం హీనంగా ఉన్నట్లు తేలినది. అప్పటి నుండి అనేక పరిశీలనలలో ఇదే కనబడినది. కాని ధూమపానం, మధుమేహం, పేదరికం రెండు జబ్బులకూ ఉమ్మడి కారణాలు. వాటి ప్రభావాన్ని లెక్కలలో పూర్తిగా తీసివేయడం కష్టం. అమెరికను హార్ట్ అసోసియేషను 2012లో చేసిన ప్రకటనలో సంబంధం ఉన్నమాట నిజమే గాని చిగుళ్ళ వ్యాధి గుండెపోటుకు కారణమనిగాని, చిగుళ్ళ వైద్యం గుండెపోటును ఆపుతుందనిగాని రుజువు లేదని పేర్కొన్నది. పళ్ళు శుభ్రం చేయించుకుంటే గుండెపోటు రాదని రాసే ప్రకటనలను ఈ దృష్టితో చదవాలి.

దీనికి భిన్నంగా, గుండె కవాటాలకు పట్టే ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అనే జబ్బులో నోటి బాక్టీరియా పాత్ర స్పష్టమైనది. కృత్రిమ కవాటం అమర్చుకున్నవారు, గతంలో ఈ జబ్బు వచ్చినవారు, కొన్ని పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు ఉన్నవారు పన్ను తీయించుకొనే ముందు, చిగుళ్ళను శుభ్రం చేయించుకొనే ముందు దంత వైద్యునికి ఆ సంగతి తప్పక చెప్పాలి. వారికి ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు. రక్తం పలుచబడటానికి మాత్రలు వాడేవారు కూడా చెప్పాలి, కాని తమంతట తాము మాత్రలు మానకూడదు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ కొందరిలో చిగుళ్ళను ఉబ్బిస్తాయి. అప్పుడు మందు మార్చవలసినది వైద్యుడే.

ఇతర సంబంధాలు

గర్భిణులలో చిగుళ్ళ వ్యాధికి, నెలలు నిండని కాన్పుకు సంబంధం ఉన్నదని 1996లో మొదట ప్రకటించారు. 2006లో 823 మంది గర్భిణులపై జరిగిన పరీక్షలో చికిత్స వలన నెలలు నిండని కాన్పులు తగ్గలేదు. అయితే చికిత్స వలన తల్లికి గాని బిడ్డకు గాని హాని జరగలేదు. కడుపుతో ఉన్నప్పుడు పళ్ళ జోలికి పోకూడదన్న మన పెద్దల మాటకు ఆధారం లేదని దీని వలన తెలుస్తున్నది.

మంచాన పడిన వృద్ధులకు నోటి శుభ్రత ప్రాణరక్షకమే. నోటిలోని బాక్టీరియా ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా రావడం వారిలో సాధారణం. జపానులో వృద్ధాశ్రమాలలో జరిగి 1999లో ప్రచురితమైన పరీక్షలో, ప్రతి భోజనం తరువాత నోరు శుభ్రం చేసిన వారిలో న్యుమోనియా తక్కువగా వచ్చినది. ఇంటిలో పక్షవాతం వచ్చిన పెద్దలు ఉన్నవారు గమనించదగిన సంగతి ఇది.

కీళ్ళవాతం (రుమటాయిడ్ ఆర్థ్రైటిస్) విషయంలో, పార్ఫిరోమోనాస్ మన ప్రోటీనులను మార్చగల ఒక ఎంజైమును తయారు చేస్తుందని, ఆ మార్పు కీళ్ళపై శరీరపు దాడికి దారితీయవచ్చని ఒక వాదం ఉన్నది. అదే బాక్టీరియా ఆనవాళ్ళు అల్జీమర్స్ రోగుల మెదడులో కనబడినవని 2019లో ఒక పరిశోధన సంచలనం కలిగించినది. కాని ఆ బాక్టీరియా ఎంజైములను అడ్డగించే మందు 2021లో రోగులపై జరిగిన పరీక్షలో ఆశించిన ఫలితం ఇవ్వలేదు.

పళ్ళు పీకించిన కాలం

నోటి జబ్బు ఒంటికి పాకుతుందన్న ఆలోచన కొత్తది కాదు. 1891లో విల్లోబీ మిల్లర్ నోటిని శరీర రోగాలకు కేంద్రంగా వర్ణించాడు. 1900లో బ్రిటిషు వైద్యుడు విలియం హంటర్ ఆ వాదానికి బలం చేకూర్చాడు. తరువాత రెండు మూడు దశాబ్దాలు కీళ్ళ నొప్పులకు, నీరసానికి, చివరకు మతిచాంచల్యానికి కూడా పళ్ళు పీకివేయడం ఐరోపా, అమెరికాలలో ఆనవాయితీ అయినది. న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక వైద్యశాలలో హెన్రీ కాటన్ రోగుల పళ్ళు, టాన్సిళ్ళు, కొందరి పెద్దప్రేగు కూడా తీయించాడు. ఎందరో ఊరకే పళ్ళు పోగొట్టుకున్నారు, ప్రేగు తీసినవారిలో చాలామంది మరణించారు. నేటి పరిశోధకులు సంబంధం అన్న మాటకు, కారణం అన్న మాటకు మధ్య అంత జాగ్రత్తగా గీత గీయడానికి ఈ చరిత్ర ఒక కారణం.

తెలుగునాట

వేప పుల్ల, గానుగ పుల్ల, ఉప్పు, బొగ్గు, కచ్చిక తెలుగువారి పాత పలుదోము సాధనాలు. పుల్లను మెత్తగా నమిలి కుంచెలా చేసి వాడితే పాచి కొంతవరకు పోతుంది. బొగ్గు, ఇటుక పొడి మాత్రం పింగాణీని అరగదీస్తాయి. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ బుగ్గన పెట్టుకున్న చోట చిగురు దిగజారి వేరు బయటపడుతుంది. పొగ త్రాగేవారిలో ఒక మోసం ఉన్నది. పొగాకు వలన చిగురులో రక్తస్రావం తగ్గుతుంది కనుక, లోపల ఎముక కరుగుతున్నా పైకి రక్తం కనబడదు. ఉత్తరాంధ్ర తీరంలో స్త్రీలు చుట్టను నిప్పున్న వైపు నోట పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సరుకు పేరుపడినది.

ఈ వ్యాధి చికిత్సలో ఒక తెలుగువాని పరోక్ష పాత్ర కలదు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, అక్కడ పనిచేసిన బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. ఆ కుటుంబపు డాక్సీసైక్లిన్‌ను బాక్టీరియాను చంపలేనంత తక్కువ మోతాదులో (20 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు) ఇస్తే, చిగురు తంతువులను కరిగించే ఎంజైములను అది అడ్డగిస్తుంది. ఈ వాడుకకు అమెరికా 1998లో అనుమతి ఇచ్చినది.

హైదరాబాదు ఉత్తర శివారులో నాగపూరు రహదారి, బాహ్య వలయ రహదారి కలిసే కండ్లకోయ వంటి చోట్ల ఇంజనీరింగు విద్యార్థుల వసతి గృహాలు, పాత ఊరి కుటుంబాలు, పని కోసం వలస వచ్చినవారు పక్కపక్కనే ఉన్నారు. వీరికి అందుబాటు దూరంలో సూరారంలో దంత వైద్య కళాశాలలు, అదే మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోని జవహర్‌నగర్‌లో ఆర్మీ దంత వైద్య కళాశాల ఉన్నవి. దంత వైద్య కళాశాలల ఆసుపత్రులలో చిగుళ్ళకు ప్రత్యేక విభాగం ఉంటుంది. అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చికిత్స చేస్తారు గనుక సమయం ఎక్కువ పట్టినా ఖర్చు తక్కువ.

దేశంలో 30 ఏళ్ళు దాటినవారికి జరిపే ఆరోగ్య పరీక్షలలో చక్కెర, రక్తపోటు చూస్తారు, నోటి క్యాన్సరు కొరకు నోరు తెరిపించి చూస్తారు. నోరు ఎలాగూ తెరిచినప్పుడు చక్కెర ఉన్నవారిని చిగురు నుండి రక్తం వస్తున్నదా, పన్ను కదులుతున్నదా అని అడగడానికి ఒక్క నిమిషం చాలు.

చికిత్స

చికిత్సకు మూలం గారను, సంచి లోపల వేరుకు అంటిన మడ్డిని తొలగించడం. దీనిని స్కేలింగు, రూట్ ప్లానింగు అంటారు. స్కేలింగు చేస్తే పళ్ళు వదులవుతాయన్న అపోహ మనవారిలో బలంగా ఉన్నది. నిజానికి ఎముక ముందే పోయి, గార పళ్ళను సిమెంటు వలె పట్టి ఉంచుతుంది. అది పోగానే అసలు స్థితి బయటపడుతుంది. వాపు తగ్గిన కొద్దీ చిగురు బిగుస్తుంది, కొన్ని వారాలు చల్లని నీటికి జివ్వుమనవచ్చు. పై పళ్ళు తీయిస్తే చూపు పోతుందన్నది కూడా అపోహయే. రక్తం వస్తున్నదని బ్రష్షు మానేయడం సాధారణమైన పొరపాటు. రక్తం వచ్చేది పాచి ఉన్నందుకు గనుక, మెత్తని బ్రష్షుతో అక్కడే మరింత శ్రద్ధగా తోమాలి. పళ్ళ సందులకు సన్నని ఇంటర్‌డెంటల్ బ్రష్షు వాడాలి.

రెండు మూడు నెలల తరువాత సంచుల లోతు మరల కొలుస్తారు. లోతైన సంచులు మిగిలితే చిగురును తెరిచి శుభ్రం చేసే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు, ఉన్నదానిని నిలుపుకోవడమే లక్ష్యం. అందువలన చికిత్స ముగిసిన తరువాత కూడా 3 నుండి 6 నెలలకొకసారి వైద్యునికి చూపించుకోవాలి. మధుమేహం ఉన్నవారు అప్పుడు తమ తాజా హెచ్‌బీఏ1సీ కాగితాన్ని కూడా వెంట తీసుకొనిపోవడం మంచిది.