గాలి మీద కూర్చునే పాత ట్రక్కు

రీల్స్‌లో మీరంతా చూసే ఉంటారు. అరవైల నాటి అమెరికన్ పికప్ ఒకటి పార్కింగ్‌లోకి వస్తుంది. డ్రైవర్ చిన్న బటన్ నొక్కుతాడు. ఉస్సుమని చప్పుడు, బండి వెనకభాగం మెల్లగా దిగి దాదాపు నేలకి ఆనుకుంటుంది. మళ్ళీ బటన్ నొక్కితే ఒంటెలా లేచి వెళ్ళిపోతుంది. కింద కామెంట్లలో మనవాళ్ళు "హైడ్రాలిక్స్ బ్రో" అని రాసేస్తుంటారు. ఇప్పటి పికప్‌లలో చాలావరకు అది హైడ్రాలిక్స్ కాదు, గాలి. రబ్బరు సంచుల్లో పట్టి ఉంచిన మామూలు గాలి!

హైడ్రాలిక్స్ అనుకోవడానికీ కారణం ఉంది లెండి. కారులో ఏ భాగమూ చక్రం రిమ్ము అడుగు కంటే కిందికి దిగి ఉండకూడదని 1958లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. బళ్ళని కిందికి దించుకుని తిరిగే కుర్రాళ్ళకి అది పెద్ద చిక్కు. 1959లో రాన్ అగిర్రే అనే ఆయన తన కార్వెట్‌కి విమానాల్లో వాడే హైడ్రాలిక్ పంపులు బిగించాడు. పోలీసు కనిపిస్తే కారు లేస్తుంది, వెళ్ళిపోయాక దిగుతుంది. ఆ నిషేధాన్ని ఆ రాష్ట్రం 2024 జనవరి 1 నుంచి ఎత్తేసింది, అది వేరే సంగతి.

గాలి స్ప్రింగు మాత్రం పెద్ద బళ్ళ నుంచి వచ్చింది. ఫైర్‌స్టోన్ కంపెనీ 1930ల్లోనే దీని మీద పనిచేసింది. 1954లో వచ్చిన గ్రేహౌండ్ సీనిక్రూయిజర్ బస్సు గాలి మీదే నడిచింది. 1957లో క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్‌కి కూడా పెట్టారు కానీ లీకుల గొడవతో కార్లలో అది నిలవలేదు. మన దగ్గర 2001లో వోల్వో బస్సులు దిగాక హైదరాబాద్ నుంచి బెంగళూరు దాకా నిద్రపోతూ వెళ్ళడం సాధ్యమైందంటే అందులో ఈ గాలి సంచుల వాటా బాగానే ఉంది.

అయితే పికప్‌కి గాలి ఎందుకు? స్టైల్ ఒక్కటే కాదు, అసలైన ఇంజినీరింగ్ కారణం ఒకటుంది. పికప్ సగం రోజులు ఖాళీగా, సగం రోజులు బరువుతో తిరుగుతుంది. వెనక ఒక్కో చక్రం మీద పడే బాడీ బరువు ఖాళీగా ఉన్నప్పుడు 350 కిలోలు, లోడుతో 700 కిలోలు అనుకుందాం. స్ప్రింగు గట్టితనం సెంటీమీటరుకి 40 కిలోలు అనుకుంటే ఖాళీ బండికి అది 8.75 సెం.మీ. కుంగుతుంది, లోడుకి 17.5 సెం.మీ. వైబ్రేషన్స్ క్లాసులో చెప్పిన సూత్రంలో ఈ కుంగుడు వేసి చూడండి. ఖాళీ బండి సెకనుకి 1.7 సార్లు ఊగాలనుకుంటుంది, లోడు బండి 1.2 సార్లు. అందుకే ఖాళీ లారీలో కూర్చుంటే నడుము విరుగుతుంది, ఇటుకలు నింపాక అదే లారీ మెత్తగా పోతుంది.

ఇప్పుడు స్ప్రింగు తీసేసి, పనిచేసే వైశాల్యం 160 చదరపు సెం.మీ. ఉన్న సంచి పెట్టండి. 350 కిలోలకి సుమారు 31 పీఎస్ఐ సరిపోతుంది, అంటే మన బైకు టైర్లో కొట్టించుకునే పాటి గాలి. లోడు ఎక్కాక 62 పీఎస్ఐ కొడితే బండి మళ్ళీ అదే ఎత్తుకి వస్తుంది. అసలు తమాషా ఇక్కడుంది. గాలి స్ప్రింగు గట్టితనం లోపలి ఒత్తిడితో పాటు పెరుగుతుంది. బరువు రెట్టింపైతే ఒత్తిడి రెట్టింపు, గట్టితనం కూడా ఇంచుమించు రెట్టింపు. కాబట్టి ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా ఊగే వేగం దాదాపు మారదు. ("ఇంచుమించు" ఎందుకన్నానంటే సంచి లోపల గాలి నలిగే లెక్కలో వాతావరణ ఒత్తిడి కూడా కలుస్తుంది. గేజి చూపించే అంకె ఒక్కటే వేస్తే థర్మో సార్ మార్కులు కోసేస్తారు.)

ఇంతవరకు వింటే స్ప్రింగు తీసి సంచి పెట్టడమే కదా అనిపిస్తుంది. అక్కడే ప్రమాదం.

మన లారీల కింద వంగి చూస్తే కనిపించే కమాన్ పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు, ఒక పని కాదు, రెండు పనులు చేస్తాయి. బరువు మోయడం మనకి కనిపించే పని. ఇరుసుని దాని చోట పట్టి ఉంచడం కనిపించని పని. బ్రేకు వేస్తే యాక్సిల్ వెనక్కి జారకుండా, గేరు వేసి తోలితే ముందుకి దూకకుండా, మలుపులో పక్కకి జరక్కుండా, ఇంజిన్ టార్క్‌కి మెలి తిరక్కుండా ఆపేది ఆ పట్టీలే. గాలి సంచికి పైకి తోయడం తప్ప ఇంకేమీ రాదు. పట్టీలు పీకేసి సంచులు మాత్రమే పెడితే యాక్సిల్‌కి ఇల్లూ వాకిలీ లేనట్టే. కాబట్టి కన్వర్షన్ అనే పనిలో సంచులు బిగించడం చిన్న భాగం. పట్టీలు చేసిన ఆ రెండో పనిని ఎవరికి అప్పజెబుతామన్నదే అసలు పని.

ఏ ట్రక్కు అన్నదాన్ని బట్టి ఈ పని మారుతుంది. 1967–72 షెవ్రొలే సి-10 అదృష్టవంతురాలు. దాని వెనక మామూలుగా కాయిల్ స్ప్రింగులే ఉండేవి. యాక్సిల్‌ని పట్టుకోవడానికి ఛాసిస్ మధ్య నుంచి రెండు పొడవాటి ఆర్మ్స్, పక్కకి జరక్కుండా ఒక అడ్డ కడ్డీ. ఆ అమరిక ఎంత బాగా కుదిరిందంటే, నాస్కార్ కప్ రేసు కార్లు 2021 సీజన్ దాకా వెనక ఇదే రకం ఆర్మ్స్‌తో పరిగెత్తాయి. కాబట్టి సి-10లో కాయిల్ తీసి ఆ చోట సంచి పెట్టినా యాక్సిల్ ఎక్కడికీ పోదు. అదే ఏళ్ళ జీఎంసీ పికప్‌లలో ఎక్కువగా లీఫ్ పట్టీలే. 1953–56 ఫోర్డ్ ఎఫ్-100లోనూ అంతే. వీటికి కొత్తగా నాలుగు లింకులు కట్టాలి: కింద రెండు, పైన రెండు. పై రెండూ ఏటవాలుగా త్రిభుజంలా పెడితే పక్క బలాన్నీ అవే చూసుకుంటాయి. నాలుగూ సమాంతరంగా పెడితే అడ్డ కడ్డీ వేరుగా కావాలి.

ఈ అడ్డ కడ్డీని పాన్‌హార్డ్ బార్ అంటారు. ఒక కొస ఛాసిస్‌కి, రెండో కొస యాక్సిల్‌కి. యాక్సిల్ పైకీ కిందకీ కదిలితే ఆ కొస వృత్తంలో తిరుగుతుంది కాబట్టి యాక్సిల్ కొంచెం పక్కకి జరగక తప్పదు. ఎంత? 90 సెం.మీ. కడ్డీ అడ్డంగా ఉన్న స్థితి నుంచి 10 సెం.మీ. లేస్తే అర సెంటీమీటరు పైచిలుకు. కడ్డీ 45 సెం.మీ. అయితే 1.1 సెం.మీ. పైథాగరస్ చాలు దీనికి. మామూలు బండిలో ఇది ఎవరికీ పట్టదు కానీ గాలి తీసి నేలకి దించే బండిలో కదలిక చాలా ఎక్కువ. ఒక పక్క టైరు ఫెండర్‌ని గీకేది ఇందుకే. సి-10తో వచ్చిన కడ్డీ పొట్టిది, అందుకే దించినవాళ్ళు దాని బదులు పొడుగుది వేసుకుంటారు. కడ్డీ అడ్డంగా ఉండాల్సింది బండి నడిచే ఎత్తులో. నేల మీద కూర్చున్నప్పుడు ఎలా ఉన్నా నష్టం లేదు.

పినియన్ కోణానికీ అదే న్యాయం. గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టూ, డిఫరెన్షియల్‌లోకి పోయే పినియనూ సమాంతరంగా ఉంటేనే రెండు యూనివర్సల్ జాయింట్ల హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లేకపోతే క్యాబిన్ అంతా వణుకే.

సంచి ఎక్కడ పెట్టాలన్నదీ తేలిక ప్రశ్న కాదు. యాక్సిల్ మీద పెడితే చక్రం కదిలినంతా సంచి కదులుతుంది. ఆర్మ్ మధ్యలో పెడితే చక్రం 20 సెం.మీ. లేవడానికి సంచి 10 లేస్తే చాలు, షోకి చూడముచ్చటగా ఉంటుంది. కానీ మోయాల్సిన బలం రెట్టింపవుతుంది. మన లెక్కలో ఖాళీ బండికే 62 పీఎస్ఐ, లోడుకి 124. చాలా సంచులకి తయారీదారులు 100 చుట్టుపక్కల హద్దు పెడతారు. అంటే ఆ ట్రక్కు ఇక బరువు మోయలేదు. పికప్ అన్నాక నాలుగు బస్తాలు కూడా వేసుకోలేకపోతే అది పికప్ ఎలా అవుతుంది? నన్నడిగితే యాక్సిల్‌కి వీలైనంత దగ్గరగా పెట్టి, దిగడంలో కాస్త సర్దుకోవడమే మేలు.

అన్నిటికంటే భయపెట్టేది ఛాసిస్ కోత. బండి బాగా దిగాలంటే యాక్సిల్ పైకి రావాలి, దానికి ఛాసిస్ అడ్డం. అందుకని ఛాసిస్ అడుగున అర్ధచంద్రాకారంలో కోస్తారు, సి-నాచ్ అంటారు దాన్ని. 15 సెం.మీ. ఎత్తున్న దూలంలో 6 సెం.మీ. తీసేశామనుకోండి. నిండు దూలంగా లెక్కేసినా వంపుని తట్టుకునే బలం ఎత్తు వర్గంతో పాటు పోతుంది కాబట్టి మిగిలేది 36 శాతం. నిజమైన ఛాసిస్ సి-చానెల్. అందులో కింది ఫ్లాంజే మాయమవుతుంది కాబట్టి పరిస్థితి ఇంకా అన్యాయం. కోసిన అంచు పొడవునా మందపాటి ప్లేటుతో కొత్త ఫ్లాంజ్ కట్టి, అది కోతకి రెండు వైపులా బాగా దూరం పాకేలా వేస్తేనే ఆ బలం తిరిగొస్తుంది. యాభై ఏళ్ళ ఇనుములో తుప్పు ఎక్కడ దాక్కుందో చూడకుండా కట్టర్ పట్టకూడదు. ఇక్కడ వెనక్కి తిరిగే దారి లేదు. సంచులు నచ్చకపోతే కాయిల్స్ మళ్ళీ పెట్టుకోవచ్చు, కోసిన ఛాసిస్ మాత్రం కోసిందే.

గాలి సరఫరా చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది కానీ సూటి పనే: కంప్రెసర్, ట్యాంకు, ఒత్తిడి చూసి కంప్రెసర్‌ని ఆపే స్విచ్, వాల్వులు, నైలాన్ గొట్టాలు. ఒక్క విషయం మాత్రం మర్చిపోకూడదు. ఎడమ, కుడి సంచులకి వేరువేరు లైన్లు ఉండాలి. ఖర్చు తగ్గుతుందని ఒకే గొట్టంతో కలిపేస్తే మలుపులో బయటి సంచి నలిగి దాని గాలి లోపలి సంచిలోకి పోతుంది. బండి ఒరగకుండా ఆపాల్సిన సంచులే దాన్ని ఒరగదోస్తాయి. ఇంకోటి, గాలిని నలిపితే అందులోని తేమ నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. అడపాదడపా దించెయ్యాలి.

షాకబ్జార్బర్లు ఎలాగూ కావాలి, సంచి ఊగుడుని ఆపదు. గాలి మొత్తం పోయినప్పుడు బండి సంచి మీద కాకుండా రబ్బరు దిమ్మల మీద కూర్చోవాలి. సంచి ఉబ్బినా నలిగినా చుట్టూ ఏదీ తగలకూడదు, సైలెన్సర్ గొట్టం దగ్గర్లో ఉండకూడదు. బండి పూర్తిగా లేచినప్పుడు బ్రేకు హోజు బిగుసుకుపోకూడదు.

ఇదంతా చదివి మామయ్య బొలెరో మీద కన్నేసేవాళ్ళకి ఒక మాట: మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. ప్రాజెక్టు కావాలంటే సాలిడ్‌వర్క్స్‌లో చేసుకోండి.

అమెరికాలో చేసేవాళ్ళు మాత్రం బిగించాక నేరుగా రోడ్డెక్కరు. ప్రతి జాయింటు మీదా సబ్బునీళ్ళు కొట్టి బుడగలు చూస్తారు. గేజి అంకె రాసుకుని రాత్రంతా వదిలేసి పొద్దున్నే మళ్ళీ చూస్తారు. కొంతదూరం నడిపి వచ్చి లింకుల బోల్టులన్నీ టార్క్ రెంచితో ఇంకోసారి బిగించాకే వెనక తొట్టిలో బరువు వేస్తారు.