బస్తర్‌లో ఇల్లే బడి అయితే: కొత్త విద్యా సంవత్సరానికి క్రైస్తవ కుటుంబాలు ఏం సిద్ధం చేసుకోవాలి?

జూన్ నడిమికి ఛత్తీస్‌గఢ్‌లో బడులు తెరుస్తారు. అప్పటికి బస్తర్‌లో తునికాకు సేకరణ ముగిసి, పొలం పనులు మొదలవుతాయి. ఏ ఇంట్లో చూసినా పుస్తకాలు, యూనిఫారాలు, చెప్పుల గురించే మాటలు ఉంటాయి. కొన్ని క్రైస్తవ ఆదివాసీ కుటుంబాలకు మాత్రం దీంతోపాటు ఇంకో ప్రశ్న ఉంటుంది: ఊళ్లో గొడవ జరిగి పిల్లలు బడికి వెళ్లలేని రోజు వస్తే, వాళ్ల చదువు ఇంట్లో ఎలా సాగాలి?

ఇది ఊహించుకున్న భయం కాదు. 2022 డిసెంబరులో నారాయణ్‌పూర్, కొండగావ్ జిల్లాల్లోని పలు గ్రామాల నుంచి వందలాది మంది క్రైస్తవ ఆదివాసీలు ఇళ్లు వదిలి రావాల్సి వచ్చింది. వారిలో చాలామంది నారాయణ్‌పూర్ ఇండోర్ స్టేడియంలో తలదాచుకున్నారు. 2023 జనవరి 2న ఆ పట్టణంలో, ఒక పాఠశాల ఆవరణలోనే ఉన్న చర్చిపై దాడి జరిగింది. అడ్డుకోబోయిన జిల్లా ఎస్పీ తలకు గాయమైంది. విద్యా సంవత్సరం మధ్యలో జరిగే ఇలాంటి ఘటనలో ముందుగా తెగిపోయేది పిల్లల చదువే.

అమెరికాలో ఎంపిక, ఇక్కడ అవసరం

క్రైస్తవ హోమ్‌స్కూలింగ్ అనగానే చాలామందికి అమెరికా గుర్తొస్తుంది. అక్కడ 1993 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. తమ విశ్వాసానికి తగ్గట్టు పిల్లల్ని పెంచాలనుకునే తల్లిదండ్రులే ఆ ఉద్యమాన్ని ముందుకు నడిపారు. జర్మనీ పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ పిల్లలు బడికి వెళ్లి తీరాలి. మత కారణాలతో మినహాయింపు కోరిన ఒక క్రైస్తవ కుటుంబం పిటిషన్‌ను యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2006లో తోసిపుచ్చింది.

బస్తర్‌ను ఈ రెండింటితోనూ పోల్చలేం. ఇక్కడి తల్లిదండ్రుల్లో చాలామంది బడి తమ విశ్వాసానికి సరిపడదని పిల్లల్ని మాన్పించేవారు కాదు. బడికి పంపాలనుకుంటారు, కానీ దూరం, గొడవలు, వలస అడ్డొస్తాయి. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక క్రైస్తవులు, క్రైస్తవేతరులు అన్న తేడా లేకుండా దక్షిణ బస్తర్ పిల్లలంతా ఈ బాధ పడ్డారు. కొన్ని బడుల్ని మావోయిస్టులు కూల్చారు, కొన్నింట్లో భద్రతా దళాలు మకాం వేశాయి. తర్వాత రోడ్ల పక్కన పోర్టా క్యాబిన్ పేరుతో ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. చదువు కోసం పిల్లలు ఇల్లు వదలాల్సి వచ్చింది.

కాబట్టి ఇక్కడ ఇంటి చదువు బడికి ప్రత్యామ్నాయం కాదు. బడి దాకా తిరిగి చేర్చే వంతెన. సన్నాహమంతా ఆ దృష్టితోనే జరగాలి.

చట్టం ఏమంటోంది?

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్యను హక్కు చేసింది. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెబుతోంది. అయితే చేర్చని తల్లిదండ్రులకు శిక్ష ఏదీ పెట్టలేదు. ఇంటి చదువును ఈ చట్టం నేరమనీ అనలేదు, గుర్తించనూ లేదు.

కష్టంలో ఉన్న కుటుంబానికి పనికొచ్చే సెక్షన్లు వేరే ఉన్నాయి. బడి మానేసిన పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతోంది. టీసీ రాలేదన్న కారణంతో కొత్త బడి ప్రవేశాన్ని ఆపకూడదన్నది 5వ సెక్షన్. వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపకూడదు (14వ సెక్షన్). గడువు దాటిందని కూడా కాదనకూడదు (15వ సెక్షన్).

ఊరు వదిలి వచ్చిన తల్లిదండ్రులు ఈ నాలుగు సెక్షన్ల నంబర్లు ఒక చీటీ మీద రాసి ఉంచుకోవడం మంచిది. హెడ్‌మాస్టరు దగ్గరైనా, బ్లాక్ విద్యాధికారి దగ్గరైనా నోటిమాట కన్నా సెక్షన్ నంబరుతో రాసిచ్చిన దరఖాస్తుకు విలువ ఎక్కువ.

బడి మానేస్తే పోయేవేంటి?

ఇంట్లోనే చదివిద్దామని నిర్ణయించే ముందు ఈ లెక్క వేసుకోవాలి. ప్రభుత్వ బడి అంటే పాఠాలు మాత్రమే కాదు. 8వ తరగతి దాకా మధ్యాహ్న భోజనం ఉంటుంది, ఉచిత పుస్తకాలు, యూనిఫారం వస్తాయి. 9వ తరగతిలో చేరే అర్హులైన ఆడపిల్లలకు సరస్వతీ సైకిల్ పథకం ఉంది. ఎస్టీ స్కాలర్‌షిప్ కూడా బడి రికార్డు ద్వారానే వస్తుంది. రోజుకు ఒక పూట భోజనం పోవడమే పేద కుటుంబానికి పెద్ద నష్టం.

తోటి పిల్లల స్నేహం ఇంకో నష్టం. పెద్దల మధ్య మాటలు తెగిపోయిన ఊళ్లో పిల్లలు కలిసి కూర్చునే చోటు చాలాసార్లు బడి ఒక్కటే. అది కూడా పోతే రెండు వర్గాల పిల్లలూ ఒకరినొకరు ఎరగకుండా పెరుగుతారు. అందుకే బడికి వెళ్లే వీలు ఏ కాస్త ఉన్నా పేరు కొట్టేయించకూడదు. కొన్నాళ్లు వెళ్లలేకపోతే కారణం రాసి హెడ్‌మాస్టరుకు ఇచ్చి, నకలు దాచుకోవాలి.

పుస్తకాల కన్నా ముందు కాగితాలు

రాత్రికి రాత్రి ఇల్లు వదలాల్సి వస్తే పుస్తకాలు మళ్లీ దొరుకుతాయి, కాగితాలు దొరకవు. జనన ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం, కిందటేడాది మార్కుల పత్రం, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ నీళ్లు తగలని ఒకే సంచిలో పెట్టాలి. ప్రతిదానికీ ఫోన్‌లో ఫొటో తీసి, వేరే ఊళ్లో ఉండే నమ్మకమైన బంధువుకు పంపాలి.

కుల ధ్రువపత్రం గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. ఎస్సీల విషయంలో మతం చూస్తారు. క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. ఎస్టీలకు ఆ నిబంధన లేదు. ఆదివాసీ క్రైస్తవుడైనా రాజ్యాంగం ప్రకారం ఎస్టీయే. మతం మారినవారిని ఎస్టీ జాబితా నుంచి తీసేయాలన్న డిమాండు బస్తర్‌లో గట్టిగా వినిపిస్తున్నా, చట్టం మాత్రం మారలేదు.

చిక్కు వేరే చోట ఉంది. పాత భూమి రికార్డులు లేని కుటుంబాలకు ఛత్తీస్‌గఢ్‌లో గ్రామసభ తీర్మానం ఆధారంగా కుల ధ్రువపత్రం ఇచ్చే వీలుంది. ఊరితో చెడితే ఆ తీర్మానం రావడం కష్టం. అందువల్ల సఖ్యంగా ఉన్న రోజుల్లోనే, పిల్లలు చిన్న తరగతుల్లో ఉండగానే ఈ పని పూర్తి చేసుకోవాలి.

సరిహద్దు దాటి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, అల్లూరి సీతారామరాజు జిల్లాలకు వచ్చిన కుటుంబాలది మరో సమస్య. ఎస్టీ జాబితా రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. అక్కడి ధ్రువపత్రం ఇక్కడ అవే ప్రయోజనాలు ఇవ్వదు. గుత్తికోయలుగా పిలిచే వలస ఆదివాసీలు ఏళ్లుగా పడుతున్న ఇబ్బంది ఇదే.

ఏ భాషలో చెప్పాలి?

బడి కన్నా ఇల్లు మెరుగ్గా చేయగలిగిన పని ఇక్కడే ఉంది. బస్తర్ పిల్లలు ఇంట్లో గోండీ, హల్బీ, భత్రీ, ధుర్వా, దోర్లీ లాంటి భాషలు మాట్లాడతారు. బడిలో పుస్తకం హిందీలో ఉంటుంది. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు కూడా వినిపిస్తుంది. మొదటి రెండేళ్లలో చాలామంది వెనకబడేది పాఠం కష్టమై కాదు, భాష తెలియక.

సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే బోధించాలని విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. 2020 జాతీయ విద్యా విధానమూ అదే మాట అంది. బడిలో అది జరగకపోయినా ఇంట్లో జరగొచ్చు. హిందీ పాఠాన్ని ముందు ఇంటి భాషలో కథలా చెప్పి, ఆ తర్వాత హిందీలో చదివించాలి. తల్లిదండ్రులకు చదువు రాకపోయినా ఇందులో సగం పని చేయగలరు. పిల్లవాడు చదివింది ఇంటి భాషలో తిరిగి చెప్పమంటే చాలు, అర్థమైందో లేదో తెలిసిపోతుంది.

రోజును, ఏడాదిని ఎలా సర్దుకోవాలి?

పట్నం టైంటేబుల్ బస్తర్ ఇంట్లో నిలవదు. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారకముందే ఇప్ప పువ్వు ఏరడానికి వెళ్లాలి. ఎండాకాలంలో తునికాకు, వానల్లో వరి నాట్లు ఉంటాయి. వారానికో రోజు సంత. ఆదివారం ఆరాధన. ఈ రోజుల్ని ముందే కేలండర్‌లో గుర్తించి, మిగిలిన రోజుల్లో పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట చదువుకు ఖాయం చేస్తే చాలు. చిన్న తరగతులకు అంతకు మించి అక్కర్లేదు. వెలుతురు బాగా వచ్చే ఒక మూల, ఒక నల్లబల్ల, కాగితాల సంచి పెట్టే చోటు. ఇంట్లో బడికి కావాల్సిన ఏర్పాటు ఇంతే.

లెక్కలకు ప్రత్యేకంగా సామగ్రి కొననక్కర్లేదు. తునికాకు కట్టకు 50 ఆకులు. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో బస్తా ధరను 4,000 నుంచి 5,500 రూపాయలకు పెంచింది. ఒక కట్టకు ఎంత? నిన్న 120 కట్టలు ఇస్తే ఎంత రావాలి? కట్టకు 5 రూపాయల 50 పైసలు, 120 కట్టలకు 660 రూపాయలు. ఈ లెక్క నేర్చిన పిల్ల గుణకారం ఒక్కటే నేర్చుకోదు, అమ్మానాన్నల కూలి కూడా సరిచూస్తుంది.

దూరవిద్య బస్తర్‌కు కొత్తేమీ కాదు. 2020 లాక్‌డౌన్‌లో రాష్ట్ర ప్రభుత్వం 'పఢయీ తుంహర్ దువార్' పేరుతో ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టింది. సిగ్నల్ లేని చోట్ల వాడల్లో తరగతులు జరిగాయి. బస్తర్ జిల్లాలో లౌడ్‌స్పీకర్లలో పాఠాలు వినిపించారు. దీక్షా యాప్‌లోని పాఠాలను సిగ్నల్ ఉన్న చోట డౌన్‌లోడ్ చేసి ఇంటికి తెచ్చుకోవచ్చు.

ప్రార్థన వేళ, పాఠం వేళ

ఇంట్లో బైబిలు చదవడం, పిల్లలకు తమ విశ్వాసం నేర్పడం కుటుంబం హక్కు. గుర్తింపు లేదా ప్రభుత్వ సాయం ఉన్న విద్యాసంస్థల్లో ఇష్టం లేకుండా ఎవరినీ మత బోధనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. ఇది క్రైస్తవుల బడికీ, మిగతావారి బడికీ ఒకేలా వర్తిస్తుంది.

వాక్యాలు చదవడం వల్ల అక్షరాలు వంటబట్టే మాట నిజమే.  కానీ సైన్సు, గణితం, సాంఘిక శాస్త్రం వాటంతటవి రావు. ప్రార్థనకు ఒక వేళ, పాఠానికి ఒక వేళ విడిగా పెట్టుకోవాలి. రేపు పరీక్ష రాసేది రాష్ట్ర సిలబస్ మీదే.

పక్కింటి పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుంటే?

ఇక్కడ జాగ్రత్త కావాలి. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల వరకు, ఆ తర్వాత కూడా కొనసాగిస్తే రోజుకు 10 వేల వరకు జరిమానా వేయొచ్చని విద్యా హక్కు చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. సొంత పిల్లలకు చదువు చెప్పడం వేరు, పది ఇళ్ల పిల్లల్ని చేర్చి హాజరు పట్టీతో బడిలా నడపడం వేరు. మతమార్పిడి ఆరోపణలు తేలిగ్గా వచ్చే చోట, వేరే ఇళ్ల పిల్లలు ట్యూషన్‌కు వస్తే వాళ్ల తల్లిదండ్రుల అనుమతి రాయించుకోవాలి. ఆ సమయంలో మతం మాట రాకుండా చూసుకోవాలి.

పదో తరగతికి దారి

ఇంట్లో ఎంత బాగా చదివినా సర్టిఫికెట్ ఇంటి నుంచి రాదు. దానికి దారి ఓపెన్ స్కూల్. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్, 3, 5, 8 తరగతులకు సమానమైన ప్రాథమిక స్థాయిలను కూడా నడుపుతుంది. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి నమోదు కావచ్చు. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్‌లో పరీక్షలు ఉంటాయి. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి ఒక ఏడాది కష్టాల్లో పోయినా చదువు పోదు. రాయ్‌పూర్ కేంద్రంగా ఛత్తీస్‌గఢ్ స్టేట్ ఓపెన్ స్కూల్ కూడా ఉంది. సరిహద్దు దాటి వచ్చినవారికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూళ్లు ఉన్నాయి.

విదేశీ క్రైస్తవ పాఠ్యప్రణాళికలు కొనమని ఎవరైనా చెబితే, వాటి సర్టిఫికెట్‌కు భారతదేశంలో సమాన గుర్తింపు ఉందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. లేకపోతే కాలేజీ, ఉద్యోగ దరఖాస్తుల దగ్గర పిల్లలు ఇబ్బంది పడతారు.

బస్తర్‌లో ఈ వివాదాలు త్వరలో తీరే సూచన లేదు. 2025 జనవరిలో ఒక క్రైస్తవ కుటుంబం తండ్రిని సొంత ఊరు ఛింద్‌వాడాలో ఖననం చేసుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు చెప్పినా, చివరికి వేరే ఊళ్లోని క్రైస్తవ శ్మశానంలో ఖననం చేయాలనే ఆదేశించారు. ఆ తగవులు పెద్దలు ఎప్పటికి తేల్చుకుంటారో ఎవరూ చెప్పలేరు. ఈలోగా ఎనిమిదేళ్ల పిల్ల పదేళ్లదవుతుంది. అందుకే ఈ జూన్‌లో కొత్త నోట్‌బుక్కుల కన్నా ముందు రెండు పనులు చేయాలి. ఊరి బడి రిజిస్టర్లో పిల్లల పేరు ఉందో లేదో వెళ్లి చూసుకోవాలి. కాగితాల సంచిలో ఏది తగ్గిందో సరిచూసుకోవాలి.