వాలెన్‌స్టైన్ జాతకంలో లేని సంగతి

ముప్పై ఏళ్ల యుద్ధంలో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి రెండో ఫెర్డినాండ్‌కు కొండంత అండగా నిలిచిన సేనాని ఆల్‌బ్రెక్ట్ వాలెన్‌స్టైన్. 1634 ఫిబ్రవరి 25 రాత్రి ఎగర్ పట్టణంలో సొంత సైన్యాధికారులే ఆయన్ని చంపేశారు. ఆయన జాతకం వేసింది కెప్లర్ అనీ, అది 1634 మార్చి దగ్గర ఆగిపోయిందనీ జ్యోతిషాన్ని నమ్మేవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. రెండూ నిజమే. అందుకే ఈ జాతకాన్ని కాస్త ఓపిగ్గా చదవాలి.

గ్రహాలు దీర్ఘవృత్తాల్లో తిరుగుతాయని తేల్చిన కెప్లరే ఈయన. 1608లో, ప్రాగ్‌లో ఉండగా, ఒక మధ్యవర్తి వచ్చి పేరు బయటపెట్టకుండా ఒక యువకుడికి జాతకం వేయమన్నాడు. పుట్టింది 1583 సెప్టెంబరులో. శని, గురుడు కలిసి మొదటి ఇంట్లో ఉన్నారు. చురుకైన బుద్ధి, నిలకడ లేని మనసు, అధికార దాహం అని రాశాడు కెప్లర్. ముప్పై మూడో ఏట పెళ్లి యోగం ఉందనీ, వచ్చేది అందగత్తె కాకపోయినా భూములూ పశువులూ రొక్కమూ ఉన్న వితంతువనీ సూచించాడు.

ఆ ప్రతి అంచుల్లో వాలెన్‌స్టైన్ స్వయంగా రాసుకున్న మాటలున్నాయి. ఈ పెళ్లి 1609 మే నెలలో జరిగిందనీ, వధువు అచ్చం ఇక్కడ రాసినట్టే ఉందనీ రాసుకున్నాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. దాదాపు ఏడేళ్ల తేడా వచ్చినా నమ్మకం సడలలేదు. కొన్ని ముందే జరిగాయి, కొన్ని ఆలస్యమయ్యాయి, పుట్టిన వేళ సరిచేసి మళ్లీ చూడమని 1624 చివర్లో కబురు పంపాడు. జనన కాలం సవరించి జాతకం కుదర్చడం మనవాళ్లకూ తెలిసిన పద్ధతే. ఫలితం తప్పినప్పుడు తప్పు గడియారం మీదికి పోతుంది, శాస్త్రం మీదికి రాదు.

కెప్లర్ 1625లో మళ్లీ రాశాడు, మందలించాడు కూడా. ఆకాశాన్ని చూసి ఫలానా సంఘటన జరుగుతుందని చెప్పించుకోవాలనుకోవడం తెలివితక్కువతనమన్నది ఆయన మాటల సారం. అయినా అడిగినవాడి కోసం ఏటేటా లెక్కకట్టుకుంటూ 1634 దాకా వచ్చి, ఆ మార్చిలో దేశంలో ఘోరమైన అలజడులుంటాయని రాశాడు. సేనాని మరణమని రాయలేదు. 1618 నుంచి రగులుతున్న యుద్ధంలో ఏ ఏడాదికి ఆ మాట రాసినా తప్పేది కాదు.

మరి పతనానికి అసలు కారణం? వాలెన్‌స్టైన్ సైన్యాన్ని సొంత పూచీ మీద లేవదీశాడు, తాను దండు దించిన ఊళ్లనుంచే ఖర్చు రాబట్టాడు. బెదిరిపోయిన రాజ్యాధిపతులు 1630లో రేగెన్స్‌బర్గ్‌లో పట్టుబట్టి ఆయన్ని పదవి నుంచి తీయించారు. స్వీడన్ రాజు గుస్తావస్ విజృంభించడంతో చక్రవర్తి మళ్లీ పిలవక తప్పలేదు. 1632లో ల్యూట్‌జెన్ పోరులో గుస్తావస్ చనిపోయాడు. ఆ తర్వాత వాలెన్‌స్టైన్ గట్టి యుద్ధమేదీ తలపెట్టకుండా శత్రువులతో రహస్య మంతనాలు సాగించాడు. 1634 జనవరిలో పిల్సెన్‌లో తనను విడిచిపెట్టి వెళ్లబోమని తన అధికారులచేత ఒప్పందం రాయించుకున్నాడు. వియన్నాలోని చక్రవర్తి ఆస్థానానికి అది తిరుగుబాటుగా కనబడింది. చక్రవర్తి రహస్యంగా ఆయన్ని తొలగించాడు.

అప్పటికి ఆయన గౌట్ వ్యాధితో నడవలేని స్థితిలో ఉన్నాడు. ఎగర్‌లో ముందు ఆయన ఆప్తులను విందుకు పిలిచి నరికారు. తర్వాత కెప్టెన్ డెవరూ పడకగదిలోకి దూసుకెళ్లి ఆయన్ని ఈటెతో పొడిచాడు. ఈ హత్యల పథకం నడిపిన సైన్యాధికారులు బట్లర్, గోర్డన్, లెస్లీలకు బహుమానంగా దక్కినవి చచ్చినవాళ్ల నుంచి జప్తు చేసిన జాగీర్లే.